కారు పెయింటు మీద గుండ్రటి గీతలు: ఇంటి దగ్గరే పోగొట్టడం ఎలా?

"కారు కొని రెండేళ్లయినా కాలేదు. సెల్లార్‌లో ట్యూబులైటు కింద కొత్తదానిలాగే ఉంటుంది. ఎండలోకి తేగానే బొన్నెట్ నిండా సాలెగూడు అల్లినట్టు గీతలు. ఏం చేయాలి?" ఎవరో ఒకరు నన్ను ఈ ప్రశ్న అడగకుండా నెల గడవదు. అడిగేవాళ్లలో ఎక్కువ మందివి నలుపు, ముదురు నీలం, ఎరుపు కార్లు. తెల్లకార్ల వాళ్లు అడగరు. వాళ్ల కార్లకూ గీతలుంటాయి, కాకపోతే కంటికి ఆనవు.

ఫోనులో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పి విసుగెత్తింది కాబట్టి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. మొదటిసారి చేసేవాళ్లు శని, ఆదివారాలు రెండూ దీనికే ఉంచుకోండి. సాయంత్రం పెళ్లికి వెళ్లాలి, ఈలోగా చేసేద్దామనుకుంటే మాత్రం మొదలుపెట్టకండి.

ఒక్క విషయం తెలిస్తే మిగతా అంతా సులువుగా అర్థమవుతుంది. అవి నిజానికి గుండ్రటి గీతలు కావు. పీచుతో తోమిన స్టీలు కంచాన్ని బల్బు కింద పట్టుకుని చూడండి. బల్బు ప్రతిబింబం చుట్టూ వలయాలు కనిపిస్తాయి. కంచాన్ని కదిపినా వలయాలు బల్బు ప్రతిబింబం చుట్టూనే ఉంటాయి. అన్ని దిక్కులకూ పోయిన వేల సన్నగీతల్లో, వెలుగును మన కంటివైపు తిప్పేవి మాత్రమే అలా వరుసగా మెరుస్తాయి. కారు మీద జరిగేదీ అదే. ఆ గీతలు ఉండేది రంగులో కాదు, రంగు మీద ఉన్న క్లియర్ కోట్ అనే పారదర్శక పొరలో. ఆ పొర మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. పాలిష్ చేస్తే గీత పూడదు. గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పొర అరుగుతుంది. అరిగిన పొర మళ్లీ రాదు. కాబట్టి వీలైనంత తక్కువ అరగదీసి పని ముగించడమే ఇందులో నేర్పు.

ముందు ఇవి చూసుకోండి

గీత మీద గోరు అడ్డంగా పోనివ్వండి. గోరు తట్టుకుంటే ఆ గీత పాలిష్‌తో పోదు. పోగొట్టాలని పట్టుబడితే చుట్టూ ఉన్న క్లియర్ కోటే పోతుంది. అలాంటి గీతలను అంచులు మెత్తబరిచి వదిలేయండి, లేదా టచప్ పెయింటు వేయించండి.

మ్యాట్ పెయింటు కారును పాలిష్ చేయకూడదు. చేసిన చోట మెరుపు మచ్చ పడుతుంది, దాన్ని వెనక్కి తీసుకురాలేం. టాప్ మీద, బొన్నెట్ మీద పొర పొలుసులుగా లేస్తున్నా, తెల్లగా పాలిపోయినా ఇక మిషనుతో పని లేదు, పెయింటర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఈ మధ్యే పెయింటు వేయించిన డోరు ఉంటే ఎన్నాళ్లు ఆగాలో వేసినవాళ్లనే అడగండి. కనీసం నెల ఆగడం మంచిది. సెరామిక్ కోటింగ్ ఉన్న కారైతే పాలిష్‌తో పాటు ఆ కోటింగూ పోతుందని గుర్తుంచుకోండి.

పెయింటు మందం కొలిచే మీటరు ఎవరి దగ్గరైనా దొరికితే అరువు తెచ్చుకోండి. అది అన్ని పొరలనూ కలిపి చూపిస్తుంది, క్లియర్ కోట్‌ను విడిగా చూపించదు. కంపెనీ పెయింటు చాలా కార్లలో 90 నుంచి 140 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 200 దాటితే ఆ భాగానికి మళ్లీ పెయింటు పడిందని అనుమానించాలి. మిగతా కారంతా 110 చూపిస్తూ ఒక్కచోట 75 చూపిస్తే, అక్కడ ఇదివరకే ఎవరో గట్టిగా రుద్దారన్నమాట. దాని జోలికి వెళ్లకండి. ప్లాస్టిక్ బంపర్ల మీద మామూలు మీటర్లు పనిచేయవు.

కావలసినవి

- డ్యూయల్ యాక్షన్ పాలిషింగ్ మిషను. దీన్నే డీఏ అంటారు. 5 అంగుళాల ప్లేటు, 8 లేదా 15 ఎంఎం ఊగేది చాలు.
- మధ్యరకం ఫోమ్ ప్యాడ్లు నాలుగు, మెత్తనివి రెండు, గట్టిది ఒకటి.
- మధ్యరకం పాలిష్ ఒక సీసా. మెన్జెర్నా 2500 వంటిది. మెన్జెర్నా 400 లాంటి గట్టి కాంపౌండ్, మెగ్వయర్స్ 205 లాంటి సన్నపాలిష్ అవసరమైతే తర్వాత కొనవచ్చు.
- మైక్రోఫైబర్ గుడ్డలు పది, పన్నెండు. ఆరబెట్టడానికి మందపాటి పెద్ద టవల్ ఒకటి.
- బకెట్లు రెండు, కారు షాంపూ, కడగడానికి మైక్రోఫైబర్ తొడుగు.
- క్లే బార్ (అంటుకున్న మురికి తీసే బంకమట్టి లాంటి ముద్ద), ఇనుప రజను తీసే ద్రవం, తారు మరకలు తీసే ద్రవం.
- మాస్కింగ్ టేపు, ఎల్‌ఈడీ టార్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్.
- ప్యాడ్ శుభ్రం చేయడానికి మెత్తటి నైలాన్ బ్రష్.

ప్యాడ్లను రంగు చూసి కొనకండి. ఒక కంపెనీలో నారింజ రంగుది గట్టిదైతే ఇంకో కంపెనీలో అదే మెత్తది కావచ్చు. డబ్బా మీద ఏం రాశారో చదవండి. మైక్రోఫైబర్ గుడ్డల అంచున కుట్టిన లేబుల్ కత్తిరించి పారేయండి. అది కూడా గీస్తుంది.

"మా ఇంట్లో డ్రిల్లింగ్ మిషనుంది, దానికి ఫోమ్ తగిలిస్తే సరిపోదా?" అని అడుగుతుంటారు. సరిపోదు. డ్రిల్లు ఒకేచోట గిర్రున తిరిగి పెయింటును వేడెక్కిస్తుంది, గీతలకు బదులు అలలలాంటి మచ్చలు మిగులుస్తుంది. సర్వీసింగ్‌లో "రబ్బింగ్ పాలిష్" చేయించుకుని వచ్చిన కార్ల మీద ఎండలో నీటిమీది నూనె తెట్టులా కదిలే మరకలు చూసే ఉంటారు. ఊగకుండా గిర్రున తిరిగే రోటరీ మిషనును తొందరగా నడిపితే వచ్చేవే అవి. డీఏ మిషను తిరుగుతూ ఊగుతుంది కాబట్టి కొత్తవాళ్ల చేతిలోనూ అంత ప్రమాదం చేయదు.

టూత్‌పేస్టు, కొబ్బరినూనె లాంటి చిట్కాల గురించి ఒక్క మాట. టూత్‌పేస్టులో రాపిడి పదార్థం ఉండే మాట నిజమే. అది పళ్ల కోసం చేసినది, పెయింటు కోసం కాదు. కొబ్బరినూనె, కిరోసిన్ పూస్తే గీతల్లో నూనె నిండి రెండు రోజులు మాయమైనట్టుంటుంది. ఆ జిడ్డు మీద దుమ్ము పట్టి మూడో రోజుకు మొదటికన్నా ఘోరంగా తయారవుతుంది.

పని మొదలు

1. నీడ చూసుకోండి. బొన్నెట్ మీద అరచేయి పెడితే వెచ్చగా తగలకూడదు. వేడి పెయింటు మీద పాలిష్ క్షణాల్లో ఎండి, పిండిలా రాలుతుంది. మన దగ్గర ఈ పనికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయి. మే నెలలో చేయక తప్పదంటే తెల్లవారుజామున సెల్లార్‌లో మొదలుపెట్టి తొమ్మిదింటికి ఆపేయండి. నేల మీద ముందుగా నీళ్లు చల్లితే దుమ్ము లేవదు.

2. కడగండి. ముందు చక్రాలు, వాటికి వేరే గుడ్డ. తర్వాత పైపుతో కారంతా తడిపి వదులుగా ఉన్న దుమ్మును పోనివ్వండి. అప్పుడే తొడుగు ముట్టించాలి. ఒక బకెట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో మంచినీళ్లు. కాస్త మేర కడగ్గానే తొడుగును మంచినీళ్లలో జాడించి, ఆ తర్వాతే షాంపూలో ముంచాలి. పైనుంచి కిందికి, సూటిగా రుద్దండి. డోర్ల అడుగుభాగం చివరికి ఉంచండి, ఇసుకంతా అక్కడే ఉంటుంది. బట్టల సబ్బుపొడి వాడవద్దు, కరగని పలుకులు గీస్తాయి. బోరు నీళ్లతో కడిగేవాళ్లు ఆరేదాకా వదిలేయకండి, ఉప్పు మచ్చలు పడతాయి. టవల్‌ను పెయింటు మీద పరిచి నెమ్మదిగా లాగితే నీళ్లన్నీ అదే పీల్చుకుంటుంది.

3. అంటుకున్న మురికి తీయండి. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, కడిగిన బొన్నెట్ మీద మెల్లగా పోనివ్వండి. వట్టి చేతికి తెలియని గరుకు కవరులోంచి ఇసుకకాగితంలా తెలుస్తుంది. తారు చుక్కలకు వాటి ద్రవం వాడండి. ఇనుప రజను తీసే ద్రవం చల్లితే కాసేపటికి ఊదారంగు ధారలు కారతాయి. బ్రేకుల నుంచి వచ్చిన ఇనుప రజను కరుగుతోందని దాని అర్థం. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. అది ఎండకముందే కడిగేయాలి.

ఆ తర్వాత క్లే బార్. షాంపూ నీళ్లు ధారాళంగా చల్లి, వేళ్ల బరువు మాత్రమే వేసి జరపండి. మురికి కనిపించగానే ముద్దను మడిచి కొత్త వైపు వాడండి. ముద్ద కింద పడితే మనసు రాయి చేసుకుని పారేయండి. అంటుకున్న ఒక్క ఇసుక రేణువు చాలు, మీరు పోగొట్టాలనుకున్న గీతలకన్నా లోతైనది గీయడానికి. క్లే కూడా కొన్ని సన్నగీతలు వేస్తుంది కాబట్టి, తర్వాత పాలిష్ చేసే ఉద్దేశం ఉంటేనే వాడాలి.

4. టేపు వేయండి. రబ్బరు బీడింగులు, నల్ల ప్లాస్టిక్ భాగాలు, కారు పేరు అక్షరాలు. ప్లాస్టిక్ మీద పాలిష్ ఎండితే తెల్లగా పట్టుకుని ఓ పట్టాన వదలదు. డోరు అంచులు, బొన్నెట్ మీద ఉబ్బెత్తుగా ఉండే మడతల మీద కూడా టేపు వేయండి. పెయింటు అన్నిటికన్నా పల్చగా ఉండేది అక్కడే. నేను మొదటిసారి ఈ టేపు దగ్గరే బద్ధకించాను. వెనక డోరు అంచున వేలి గోరంత మేర రంగు కింద ఉండే ప్రైమర్ పొర బయటపడింది. అది ఇప్పటికీ అలాగే ఉంది.

5. నమూనా గడి చేయండి. ఎవరూ ఓపిక పట్టని అంచె ఇది. సగం వైఫల్యాలకు ఇదే కారణం. బొన్నెట్ మీద బాగా గీతలున్న చోట 50 సెంటీమీటర్ల చదరం టేపుతో గీసుకోండి. మీ కారు పెయింటు గట్టిదో మెత్తదో ఏ పుస్తకమూ చెప్పదు, ఆ గడే చెబుతుంది.

మొదట మధ్యరకం ప్యాడ్, మధ్యరకం పాలిష్. ఒకసారి చేసి, తుడిచి, టార్చి వేసి చూడండి. గీతల్లో ఎక్కువ భాగం పోతే మీ మందు దొరికినట్టే, కారంతా దానితోనే చేయండి. సగమే పోతే అదే గడిలో అదే పాలిష్‌తో ఇంకోసారి చేయండి. అప్పటికీ తేడా లేకపోతే అదే పాలిష్‌ను గట్టి ప్యాడ్‌తో ప్రయత్నించండి. గట్టి కాంపౌండ్ అన్నిటికన్నా చివరి మాట. దాన్ని వాడితే మెరుపు కాస్త మసకబారుతుంది కాబట్టి ఆ తర్వాత మెత్తటి ప్యాడ్, సన్నపాలిష్‌తో రెండో విడత తప్పదు, అంటే పని రెట్టింపవుతుంది. ముందే గట్టిదానితో మొదలుపెట్టినవాళ్లకు మెత్తదానితో పోయేదో లేదో ఎప్పటికీ తెలియదు.

6. ఒక్కో గడీ ఇలా చేయండి. కొత్త ప్యాడ్ అయితే ముందు దాని ముఖమంతటా పల్చగా పాలిష్ పులమండి. తర్వాత ప్రతి గడికీ శనగగింజంత చుక్కలు మూడు, నాలుగు చాలు. మిషను ఆపి ఉంచే ప్యాడ్‌ను పెయింటు మీద ఆనించండి, ఆ తర్వాతే స్విచ్ వేయండి. గాల్లో వేస్తే పాలిష్ గోడల మీదా మీ చొక్కా మీదా ఉంటుంది. ఆపేటప్పుడూ అంతే, ఆగాకే పైకెత్తాలి. వైరును భుజం మీదుగా వెనక్కి వేసుకోండి.

మొదట 1 వేగంలో గడి అంతా పులమండి. తర్వాత 4 లేదా 5కు పెంచి, సెకనుకు రెండు, మూడు సెంటీమీటర్ల చొప్పున జరపండి. ఇది ఎంత నెమ్మదో చేస్తేగానీ తెలియదు. పక్కింటి పిల్లవాడు వచ్చి "అంకుల్, మిషను ఆగిపోయిందా?" అని అడిగితే సరైన వేగంలో ఉన్నారన్నమాట. ప్రతి వరుసా ముందు వరుసలో సగాన్ని కప్పాలి. నిలువుగా ఒక దఫా, అడ్డంగా ఒక దఫా, మొత్తం నాలుగు నుంచి ఆరు దఫాలు. చివరి రెండింటికి ఒత్తిడి తగ్గించి మిషను బరువు మాత్రమే పడనివ్వండి.

ప్లేటు అంచున మార్కర్‌తో నల్లగీత ఒకటి గీసుకోండి. అది తిరుగుతూ కనిపించాలి. ఆగిపోయిందంటే మీరు ఎక్కువ నొక్కుతున్నారు, లేదా ప్యాడ్ వంకరగా ఆనింది. ప్యాడ్ తిరగకుండా ఊగుతూ ఉంటే గీతలు పోవు, వేడి మాత్రం పుడుతుంది.

డోరు హ్యాండిల్ వెనక గుంటలో మిషను పట్టదు. అక్కడ ఉంగరాలు, గోళ్లు చేసిన గీతలు ఎక్కువ. చిన్న ఫోమ్ ముక్కకు అదే పాలిష్ రాసి చేత్తో రుద్దండి. మిషను లేనివాళ్లు కారంతా ఇలాగే చేయవచ్చా అంటే, భుజాలు పడిపోతాయి, గీతలు సగమైనా పోవు. బొన్నెట్ వరకైతే ప్రయత్నించవచ్చు.

7. ప్యాడ్ శుభ్రం చేయండి. ప్రతి గడి తర్వాత మిషనును నెమ్మదిగా తిప్పుతూ ప్యాడ్‌కు నైలాన్ బ్రష్ ఆనించండి. అరిగిన క్లియర్ కోట్, ఎండిన పాలిష్ కలిసి ప్యాడ్ ముఖాన పేరుకుంటాయి. మూడు, నాలుగు డోర్లు ఒకే ప్యాడ్‌తో లాగితే అదే కొత్త గీతలు పెడుతుంది. ప్యాడ్ తడిసి మెత్తబడినా, చేతికి వేడిగా తగిలినా మార్చేయండి.

బ్రష్ చేసేటప్పుడు ప్యాడ్ మీద కారు రంగే కనిపిస్తే ఆగండి. కొన్ని పాత కార్లకు పైన క్లియర్ కోట్ ఉండదు. అలాంటివాటికి రంగు రావడం మామూలే, మెత్తగా చేసుకుపోవచ్చు. క్లియర్ కోట్ ఉండాల్సిన కారులో ఒక్కచోట రంగు వస్తోందంటే అక్కడ పొర అయిపోయింది. ఇక ఆ చోటును ముట్టుకోకండి.

8. నిజంగా పోయాయో లేదో చూడండి. పాలిష్‌లో ఉండే నూనెలు కొన్ని గీతలను తాత్కాలికంగా నింపుతాయి. తుడవగానే కనిపించే మెరుపును నమ్మవద్దు. ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు ఆరు పాళ్లు నీళ్లు కలిపి చల్లి, శుభ్రమైన గుడ్డతో తేలికగా తుడవండి. మంటకు దూరంగా, గాలి ఆడే చోట. ఇప్పుడు టార్చిని ఒక అడుగు దూరంలో పట్టుకుని నాలుగు వైపుల నుంచీ చూడండి. ఫోను టార్చి అయినా సరే, ఒకే బిందువు నుంచి వెలుగు రావాలి. ట్యూబులైటు కింద ఏ కారైనా బాగానే కనిపిస్తుంది. మర్నాడు ఉదయం ఎండలో మరోసారి చూడండి. కొన్ని లోతైన గీతలు అక్కడక్కడా మిగులుతాయి, మిగలనివ్వండి. పదింట ఎనిమిది పోతే చాలు, మిగతా రెండింటి కోసం పొరను బలిపెట్టవద్దు.

తేడా వస్తే కారణం ఎక్కడుంది?

పాలిష్ పిండిలా ఎగురుతోంది: పెయింటు వేడిగా ఉంది, లేదా ఆరిపోయాక కూడా రుద్దుతున్నారు. జిడ్డుగా సాగుతూ తుడిస్తే పోవడం లేదు: పాలిష్ ఎక్కువ పోశారు. గీతలు పోయాయి కానీ మసకగా, పొగ పట్టినట్టుంది: ప్యాడ్ గట్టిదైంది, మెత్తటి ప్యాడ్, సన్నపాలిష్‌తో ఇంకో విడత చేయండి. గడి మధ్యలో పోయి అంచుల్లో మిగిలాయి: వరుసలు ఒకదాన్నొకటి కప్పలేదు. తుడిచిన ప్రతిసారీ కొత్త గీతలు కనిపిస్తున్నాయి: దోషం మిషనుది కాదు, గుడ్డది. నేలమీద పడిన గుడ్డను, చక్రాలు తుడిచిన గుడ్డను మళ్లీ పెయింటు మీదికి తేకండి. ఉతికేటప్పుడు నూలు బట్టలతో కలపవద్దు, బట్టలు మెత్తబరిచే ద్రవం వేయవద్దు.

9. పైన కాపుదల వేయండి. మైనపు వ్యాక్స్ కొన్ని వారాలు, సీలెంట్ కొన్ని నెలలు, సెరామిక్ కోటింగ్ అంతకన్నా ఎక్కువ కాలం ఉంటాయి. ఇంట్లో మొదటిసారి చేసేవాళ్లకు సీలెంట్ తేలిక. పల్చగా రాసి, ఆరనిచ్చి, తుడవడమే. ఇవేవీ గీతలను తీయవు. గీతల మీద సెరామిక్ కోటింగ్ వేయించుకుంటే డబ్బిచ్చి ఆ గీతలను భద్రపరుచుకున్నట్టే. కోటింగ్ వేయించాక గీతలే పడవని చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

10. తుడిచే పద్ధతి మార్చండి. ఇది చేయకపోతే పైన చెప్పిన తొమ్మిదీ రెండు నెలల ముచ్చటే. అపార్టుమెంటులో తెల్లవారుజామున కార్లు తుడిచే మనిషి ఒకే బకెట్టు నీళ్లతో, ఒకే పాత బనియను గుడ్డతో పది కార్లు తుడుస్తాడు. చివరి కారు దగ్గరికి వచ్చేసరికి ఆ గుడ్డలో తొమ్మిది కార్ల ఇసుక ఉంటుంది. అతన్ని కోప్పడి లాభం లేదు, ఇచ్చే నెలజీతానికి అంతకన్నా నీళ్లు, సమయం అతనికి ఎక్కడివి? నేను జీతంలో పైసా తగ్గించకుండా ఇలా మాట్లాడుకున్నాను: "అన్నా, రోజూ అద్దాలు మాత్రం తుడువు. బాడీ మీద దుమ్మున్నా గుడ్డ పెట్టొద్దు. ఆదివారం నేను కడుగుతాను." మొదటి వారం అలవాటు కొద్దీ రెండుసార్లు తుడిచేశాడు. తర్వాత పని తగ్గినందుకు అతనే సంతోషించాడు. మీకు కడిగే తీరిక లేకపోతే రెండు బకెట్లు, తొడుగు, టవల్ కొనిచ్చి వారానికి ఒకసారి అతని చేతే కడిగించండి. మొదటిసారి పక్కన నిలబడి చూపించండి.

దుమ్ము కారు మీద బట్ట కవరు కప్పడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. గాలికి కవరు ఆడినంతసేపూ కింద ఇసుక రాసుకుంటూనే ఉంటుంది. దసరాకు బొన్నెట్ మీద పెట్టిన పసుపు కుంకుమలను ఎండాక గోరుతో గీకవద్దు, పొడిగుడ్డతో దులపవద్దు. తడిగుడ్డను పది నిమిషాలు కప్పి ఉంచి, నీళ్లు పోసి జారవిడవండి. బొట్టు ఆనవాలు పసుపుపచ్చగా మిగిలితే మర్నాటి నుంచి ఎండ తగిలేచోట ఉంచండి, పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది.